విగో: నాలుగక్షరాల పనితనం

1702 అక్టోబరులో స్పెయిన్‌లోని విగో ఖాతంలో నిధి ఓడల మీద ఆంగ్ల, డచ్చి నౌకలు విరుచుకుపడ్డాయి. చాలా వెండి అప్పటికే ఒడ్డు దాటిపోయింది. చిక్కిన కాస్తా లండన్ టవర్‌లోని టంకశాలకు చేరింది. దాని అధిపతి ఐజాక్ న్యూటన్.

గెలుపు సేనానులది. నాకు ముచ్చటేసేది పనివాళ్ల చేయి. అచ్చులు చెక్కే జాన్ క్రోకర్ ఆ వెండి నాణేల మీద ఆన్ రాణి ముఖాన్ని కళగా తీర్చాడు. దాని కిందే 'విగో' అని నాలుగు రోమన్ అక్షరాలు ఒదిగాయి. కూలీలు మరయంత్రాన్ని గిర్రున తిప్పుతుంటే, గుంటలో కూర్చున్నవాడు వేళ్లు నలగకుండా బిళ్ల వెనక బిళ్ల అందించేవాడు. అంచులు గీకి వెండి దొంగిలించే వాళ్లకు దొరక్కుండా, పెద్ద నాణేలకు అంచు చుట్టూ అక్షరాలు పొదిగారు.

కొల్లసొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆ చేతి నేర్పు మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది.