రెండో గేరు నుంచి ఒకటికి

జెడ్‌ఎఫ్ వారి 8హెచ్‌పీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను పొగిడేవాళ్లలో ఎక్కువమంది దాని చురుకునే పొగుడుతారు. గేరు మారడానికి సెకనులో ఐదో వంతు చాలంటారు, ఎనిమిదో గేరు నుంచి నేరుగా రెండుకు దూకుతుందంటారు. నిజమే. కానీ ఆ పెట్టెలోని అసలు పనితనం హైవే మీద కనిపించదు. సిగ్నల్ దగ్గర ముందు బండి నెమ్మదిస్తుంటే, బ్రేకు మీద కాలు ఆనించి గంటకు ఇరవై కిలోమీటర్ల నుంచి సున్నాకు దిగుతాం చూడండి, అక్కడుంది. ఆ కాసిన్ని సెకన్లలో మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి గేర్లు దిగిపోవాలి. పక్కసీట్లో కునుకు తీస్తున్న మనిషికి మెలకువ రాకూడదు.

ఇది తేలికైన పనిలా కనిపిస్తుంది, కాదు. ఈ పెట్టెల్లో బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో మొదటి గేరు నిష్పత్తి 4.71, ఎనిమిదోది 0.67. అంటే ఇంజిన్ వైపు జరిగిన అదే చిన్న తప్పు ఎనిమిదో గేరులో కంటే మొదటి గేరులో ఏడు రెట్లు పెద్దదై చక్రాలకు చేరుతుంది. పైగా ఆ వేగంలో గాలి హోరు ఉండదు, రోడ్డు చప్పుడు ఉండదు, తప్పును కప్పిపుచ్చేది ఏదీ ఉండదు.

2009లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌తో రోడ్డెక్కిన ఈ పెట్టెను జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో తయారుచేస్తారు. లోపల నాలుగు ప్లానెటరీ గేరు సెట్లు, వాటిని పట్టి ఉంచడానికి రెండు బ్రేకులు, మూడు క్లచ్‌లు. ఆ ఐదింటికీ ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. ఏ గేరులోనైనా మూడు పట్టుకుని ఉంటాయి, రెండు మాత్రమే వదులుగా ఉంటాయి. వరుసలో పక్క గేరుకు మారాలంటే ఒకటి వదలాలి, ఒకటి పట్టాలి, అంతే. నడుస్తున్న పల్లకీ కింద బోయీలు భుజం మార్చుకున్నట్టు: కొత్త భుజం ముందే ఆనితే పల్లకీ ఎగదన్నుతుంది, పాత భుజం ముందే తప్పుకుంటే కుంగుతుంది.

ఆగేటప్పటి వరుస చూడండి. మూడో గేరులో బి, సి, ఇ పట్టుకుని ఉంటాయి. రెండుకు దిగగానే సి వదులుతుంది, ఎ పట్టుకుంటుంది. ఒకటికి దిగేటప్పుడు ఇ వదులుతుంది, అప్పుడే సెలవు తీసుకున్న సి మళ్లీ రావాలి. క్లచ్ పట్టుకోవాలంటే దాని పిస్టన్ వెనక గదిలోకి ఆయిల్ నిండాలి, ప్లేట్లు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండే చోటికి చేరాలి, ఆ తరవాతే ఒత్తిడి పెంచాలి. ఆయిల్ కాస్త ఎక్కువైతే రెండు క్లచ్‌లూ ఒకేసారి పట్టి బండి ఈడ్చినట్టవుతుంది. తక్కువైతే కాసేపు ఏదీ పట్టక, తరవాత ఒక్కసారిగా పట్టి తంతుంది. చాలామంది ఈ కుదుపును బ్రేకులకు అంటగడతారు. కాలు ఒకేలా నొక్కి ఉన్నా బండి ఉన్నట్టుండి ఎక్కువ ఆగినట్టు అనిపిస్తే అనుమానం బ్రేకు ప్యాడ్ల మీదికే పోతుంది మరి. బాగున్న ప్యాడ్లను పాపం ఊరికే మార్చేస్తుంటారు.

పాతకాలపు పెట్టెల్లో ఈ తిప్పలు చాలావరకు లేవు. జనరల్ మోటార్స్ 1964లో తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400లో, డ్రైవ్‌లో ఉండగా మొదటి గేరును పట్టేది ఒకవైపే పట్టే క్లచ్. సైకిల్ వెనక చక్రంలో ఉండే ఫ్రీవీల్ సూత్రమే అది. బండి ఆగుతున్నప్పుడు రెండో గేరు క్లచ్ వదిలేస్తే చాలు. ఫ్రీవీల్ ఊరికే తిరుగుతుంటుంది, యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో తనంతట తనే పట్టుకుంటుంది. సెన్సార్ అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. అంత తెలివైన భాగాన్ని ఎందుకు వదిలేశారని నాకు మొదట కొంచెం కోపంగానే ఉండేది. కానీ దానికి బరువుంది, చోటు కావాలి, తిరిగినంతసేపూ రాపిడి ఉంటుంది. 8హెచ్‌పీలో గేర్లను పట్టే ఫ్రీవీల్ ఒక్కటి కూడా లేదు. ఆ ఉక్కు చేసిన పనంతా ఇప్పుడు ఆయిల్ ఒత్తిడిని అదుపుచేసే సోలనాయిడ్లు, వాటిని నడిపే ప్రోగ్రామూ చేయాలి.

ఎప్పుడు దిగాలన్నదే అన్నింటికన్నా సున్నితమైన నిర్ణయం. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.15, టైరు చుట్టుకొలత రెండు మీటర్లు, ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 700 చుట్లు అనుకుందాం. గంటకు పది కిలోమీటర్ల దగ్గర రెండో గేరులో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్‌లో గేర్ల వైపున్న చక్రం, అంటే టర్బైన్, సుమారు 820 చుట్లు తిరుగుతుంది. అంటే బండే ఇంజిన్‌ను లాగుతోంది. అక్కడే ఒకటికి దిగితే టర్బైన్ 1,240కి ఎగబాకాలి, ఆ శక్తి బండి వేగంలోంచే రావాలి, కాబట్టి ముందుకు తూలతాం. అదే ఐదు కిలోమీటర్ల దాకా ఓపిక పడితే టర్బైన్ 410 నుంచి 620కి వెళ్తుంది. గేరు మారకముందూ ఐడిల్ కంటే తక్కువే, మారాకా తక్కువే. ఇంజిన్ రెండు సమయాల్లోనూ బండిని మెల్లగా ముందుకే నెడుతుంటుంది, గేరు పళ్లు ఒకే వైపు ఆనుకుని ఉంటాయి, వాటి మధ్య సందులో టక్కుమనే చప్పుడు రాదు. లాగడం నుంచి నెట్టడానికి మారే ఘడియ అంతకుముందే, ఎనిమిదిన్నర కిలోమీటర్ల వేగం దగ్గర, రెండో గేరులోనే వచ్చి పోయింది. గేరు మారేటప్పుడు కాక, కన్వర్టర్‌లోని ఆయిల్ ద్వారా మెల్లగా జరిగింది కనుక మనకు తెలియలేదు.

అయితే డ్రైవర్ మనసు మార్చుకుంటే? సిగ్నల్ పచ్చబడుతుంది, ఏడు కిలోమీటర్ల దగ్గర బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఒకటికి దిగడానికి కాచుకున్న పెట్టె రెండోదాన్ని పట్టుకుని ఉండాలా, గబగబా దిగాలా? ఎంత మంచి పెట్టె అయినా ఇక్కడ తడబడవచ్చు. తడబడిన చోట ఒక తాపు తగులుతుంది. మన దేశంలో 2014లో సెలేరియో కారుతో చవకగా వచ్చిన ఏఎంటీకి, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లను యంత్రం మార్చే పద్ధతికి, ఈ చిక్కు ఇంకా ఎక్కువ. దానికున్నది ఒకే క్లచ్, భుజం మార్చుకోవడానికి రెండో మనిషే లేడు. క్లచ్ విడవాలి, గేరు మార్చాలి, మళ్లీ పట్టాలి. ఆ ధరకు అది చేసేదే గొప్ప అంటాను నేను.

క్లచ్ ప్లేట్లు అరిగేకొద్దీ పిస్టన్ పోవలసిన దూరం పెరుగుతుంది. కంట్రోలర్ ఆ తేడాను గేర్లు మారుతున్నకొద్దీ గమనించి, ఎంతసేపు ఆయిల్ నింపాలో తనే సవరించుకుంటుంది. ఆయిల్ పాతబడ్డాక ఆ సవరింపుకూ ఒక హద్దు వస్తుంది. కార్ల కంపెనీలు కొన్ని ఈ ఆయిల్ జీవితాంతం సరిపోతుందంటాయి. పెట్టె చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చేటప్పుడు కింది ప్లాస్టిక్ పాన్ కూడా కొత్తది వేయాలి, ఫిల్టర్ దాంట్లోనే కలిసి ఉంటుంది.