ఒక్క అంకెతో నెట్ వేగం తేలుతుందా?

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోదలచినవారు ఈ రోజుల్లో ముందుగా చేసే పని, పక్కింటివారి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కి చూడటం. ముల్లు 90 దగ్గర ఆగితే ఆ కంపెనీ మంచిదంటారు. 40 దగ్గర ఆగితే పనికిరాదంటారు. జ్వరం చూసే థర్మామీటరును నమ్మినట్టే ఈ ముల్లునూ నమ్ముతారు. ఐతే ఏ కంపెనీ తయారుచేసిన థర్మామీటరైనా కొలిచేది ఉష్ణోగ్రతనే. స్పీడ్ టెస్టుల సంగతి అలా కాదు. ఒక్కొక్కటి ఒక్కో విషయాన్ని కొలుస్తుంది.

బాగా వాడుకలో ఉన్న మూడింటిని చూద్దాం. 2006లో మొదలైన ఊక్లా వారి ‘స్పీడ్‌టెస్ట్’ సాధారణంగా మనకు దగ్గరలో ఉన్న సర్వర్‌ను ఎంచుకుని, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, లైను పట్టినంత సమాచారాన్ని దించుతుంది. ఆ సర్వర్లలో చాలావాటిని నడిపేది ఇంటర్నెట్ కంపెనీలే. 2009లో మొదలైన ‘ఎం-ల్యాబ్’ పరీక్ష ఒకే కనెక్షన్‌తో కొలుస్తుంది. దాని సర్వర్లు మన కంపెనీ నెట్‌వర్క్‌కు బయట ఉంటాయి. 2016లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ‘ఫాస్ట్ డాట్ కామ్’ ఆ సంస్థ సొంత సర్వర్ల నుంచి సమాచారం దించుతుంది.

అందుకే ఒకే ఇంట్లో, ఒకే గంటలో ఈ మూడూ మూడు అంకెలు చూపవచ్చు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. మొదటిది మన వీధి నుంచి ఊరి పొలిమేర దాకా రోడ్డు ఎంత వెడల్పో చెబుతుంది. రెండోది పొలిమేర దాటాక ఒక్క బండి ఎంత సాఫీగా పోతుందో చెబుతుంది. మూడోది ఒక దుకాణానికి వెళ్ళే దారి గురించి మాత్రమే చెబుతుంది. ఒక కంపెనీని ఒక పరీక్షతో, మరో కంపెనీని మరో పరీక్షతో కొలిచి పోల్చితే, ఒకరి ఎత్తును మరొకరి బరువుతో పోల్చినట్టే.

వినియోగదారులు చేసుకున్న పరీక్షలన్నీ పోగుచేసి ‘ఏ కంపెనీ ముందుంది’ అని ప్రకటించే పట్టికల్లో ఇంతకంటే పెద్ద లోపం ఉంది. ఒక కంపెనీ 40 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మి 40 ఇస్తోందనుకోండి. మరొకటి 300 అమ్మి 150 ఇస్తోంది. ఉత్త వేగం చూసే పట్టికలో రెండోదే పైన ఉంటుంది. మాట నిలబెట్టుకున్న కంపెనీ కిందకు పోతుంది, సగమే ఇచ్చిన కంపెనీ బహుమతి కొట్టేస్తుంది! పైగా ఈ పరీక్షల్లో చాలా భాగం వైఫై మీద చేసినవి. మధ్యలో రెండు గోడలు ఉన్నా, ఫోన్ పాతదైనా తగ్గిన వేగం కంపెనీ ఖాతాలోకే పోతుంది.

సరైన పద్ధతి లేకపోలేదు. అమెరికాలో ఎఫ్‌సీసీ 2011లో వెలువరించిన తొలి నివేదిక కోసం, ఒప్పుకున్న కుటుంబాల ఇళ్ళలో చిన్న కొలత పెట్టెలు అమర్చారు. అవి రాత్రింబవళ్ళు కొలిచాయి. రద్దీగా ఉండే సాయంత్రం 7 నుంచి 11 గంటల వేగాన్ని ప్రకటించిన వేగంతో పోల్చారు. బ్రిటన్‌లో ఒకప్పుడు పది శాతం వినియోగదారులకు అందితే చాలు, ఆ వేగాన్ని ప్రకటనలో వేసుకోనిచ్చేవారు. 2018 నుంచి రాత్రి 8 - 10 గంటల మధ్య కనీసం సగం మందికి అందే వేగాన్నే చెప్పాలన్నారు.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2004 విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే సరిపోయేది. 2013లో అది 512 అయింది. 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. కనీస వేగం పెరగడం మంచిదే. కానీ రాత్రి తొమ్మిదింటికి ఎంత వస్తుందన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇస్తామన్నారు. ఉత్త వేగం పట్టికలో అలాంటి కనెక్షన్‌కు అడుగు స్థానమే. పల్లెలోని విద్యార్థికి కావలసింది వేరు. పాఠం వినే వేళకు ఆ పదిహేనూ వస్తున్నాయా లేదా అన్నదే అతడి ప్రశ్న.

వేగంతో పాటు జాప్యాన్నీ చూడాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. తిన్నగా తీగ వేసినా పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. ఇక తమ్ముడు పెద్ద వీడియో ఎక్కిస్తుంటే అక్క ఆన్‌లైన్ పాఠంలో మాట తెగిపోవడం చాలా ఇళ్ళలో చూస్తాం. ఎక్కే సమాచారం రూటర్ దగ్గర బారులు తీరి, మాట వెనకబడటమే దీనికి కారణం. ఖాళీ లైను మీద కొలిచిన పింగ్‌లో ఈ జబ్బు కనపడదు.

మరి విద్యార్థులు చేయగలిగిందేమిటి? కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కు కలపండి. మిగతా పరికరాలు ఆపండి. ఒకే పరీక్ష, ఒకే సర్వర్ ఎంచుకోండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 9 గంటలకు, వారం రోజులు కొలిచి నోటుబుక్కులో రాయండి. 21 అంకెలు వస్తాయి. ఆరోహణ క్రమంలో పేరిస్తే 11వది మధ్యగతం. దాన్ని ప్లాన్ వేగంతో భాగిస్తే మీ కంపెనీ మాటలో ఎన్నో వంతు నిలబెట్టుకుందో తెలుస్తుంది. రాత్రి అంకెలు ఏడింటికీ విడిగా మధ్యగతం తీయండి. వేరే కంపెనీ ఉన్న స్నేహితుడి ఇంట్లోనూ ఇలాగే చేసి పోల్చండి. ఒక జాగ్రత్త: 100 ఎంబీపీఎస్ లైను మీద 15 సెకన్ల పరీక్షకు దాదాపు 190 మెగాబైట్లు ఖర్చవుతాయి. 21 సార్లకు 4 గిగాబైట్లు. డేటాకు పరిమితి ఉన్నవారు లెక్క చూసుకోవాలి.

ఫిర్యాదు చేస్తే కంపెనీ మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చి, తన ఫోన్‌లో ఒక్కసారి పరీక్ష నొక్కి, “స్పీడ్ బాగానే ఉందండీ” అని వెళ్ళిపోవచ్చు. ఆ ఒక్క అంకెకు మన దగ్గరున్న మరో ఒక్క అంకె జవాబు కాలేదు. తేదీ, వేళ వేసిన 21 అంకెల కాగితం ముందు పెడితే మాత్రం మాట్లాడవలసింది వారే.