రామధాన్యచరితె తీర్పు – రాగిసంగటి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగువారికి రాగిసంగటి తరతరాల యాహారము. రాగి మధుమేహులకెల్లరకు పథ్యమనుటకు, 16వ శతాబ్దినాటి కనకదాసు కన్నడకావ్యము ‘రామధాన్యచరితె’ను సాక్ష్యముగా జూపుట తగదు. అందు వరికిని రాగికిని వాదము పుట్టగా, శ్రీరాముడు రెంటిని ఆఱునెలలు చెఱనుంచెను. వరి చెడెను; రాగి నిలిచెను. బీదల ధాన్యమునకు కవి కట్టిన పట్టము మిక్కిలి యొప్పిదమే. కాని పరీక్షింపబడినది గింజ నిలువయే, తినువాని దేహము గాదు. 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు 800 మందిని పరిశీలింపగా, ఒకే భోజనమునకు రక్తమందలి చక్కెర ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున పెరిగెను. మడక దున్నువానికి సరిపడిన ముద్ద కూర్చుండి పనిచేయువానికి అధికము కావచ్చును. అందు బియ్యపునూక యెంత కలిసినదో అదియు జూడవలెను. తిన్న రెండుగంటలకు రక్తపరీక్ష చేయించుకొన్నగాని ఎవరికెంత తగునో తెలియదు.