పెంపకం మారితే వీరుడు మారతాడా? : బాలచంద్రుడు, అభిమన్యుడు – తులనాత్మక పరిశీలన

పల్నాటి వీరగాథను భారతంతో పోల్చడం విమర్శలో స్థిరపడిన మార్గం. జూదానికి కోడిపోరు, పాండవుల అరణ్యవాసానికి మాచర్ల వారి వలస, అభిమన్యునికి బాలచంద్రుడు సాటిగా నిలుస్తాయి. ఈ పోలికలో చివరి జంట అంత సులభంగా అతకదు. ఇద్దరూ చిన్న వయసులో రణభూమిలో నేలకొరిగినవారే అయినా, వారిని పెంచినవారు వేరు, యుద్ధానికి చేర్చిన దారులు వేరు. ఒకరి సంరక్షకులను మరొకరికి ఇచ్చి చూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది.

ఇటువంటి ఊహ తెలుగువారికి కొత్త కాదు. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. ఆ కథతో 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రంలో బలరాముని ఇల్లు విడిచిన సుభద్రాభిమన్యులకు హిడింబ, ఘటోత్కచులు ఆశ్రయమిస్తారు. మేనమామ కాదన్న పెళ్ళిని రాక్షస సోదరుడు జరిపిస్తాడు. సంరక్షకుడు మారగానే కథ విషాదం నుంచి హాస్యానికి మళ్ళింది.

భారతంలో అభిమన్యుడు ద్వారకలో మేనమామల అండన పెరిగి, ప్రద్యుమ్నుని వద్ద అస్త్రవిద్య నేర్చాడు. పద్మవ్యూహాన్ని ఛేదించమని అడిగినవాడు పెదతండ్రి ధర్మరాజే. లోనికి పోవడమే తెలుసుననీ, బయటపడే ఉపాయం తెలియదనీ బాలుడు ముందే చెప్పాడు. వెంట వస్తామన్నవారు సైంధవుని వల్ల రాలేకపోయారు. అందుచేత అతని మరణంలో పెద్దల బాధ్యత ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన ద్విపదలో స్థితి ఇందుకు విపర్యయం. పెద్దలు కార్యమపూడికి వెళ్ళగా బాలచంద్రుడు ఇంట బొంగరాలాడుతుంటాడు. ఆ ఆటలో గాయపడిన స్త్రీ ఎత్తిపొడుపు మాట అతనిని మేల్కొలుపుతుంది. తల్లి ఐతాంబ ఆపజూస్తుంది, భార్య మాంచాల సాగనంపుతుంది. ఇక్కడ సంరక్షణ అంటే యుద్ధానికి దూరంగా ఉంచడం. వీరుడు ఆ సంరక్షణను దాటి వెళతాడు.

ఇప్పుడు బాలచంద్రుని ద్వారకకు పంపుదాం. అతనికి అస్త్రవిద్య దక్కుతుంది, సోదరులు దక్కరు. బ్రహ్మనాయుడు తలపెట్టిన చాపకూడు వేర్వేరు కులాలవారిని ఒకే పంక్తిన కూర్చోబెట్టింది. కన్నమదాసు ఆ ఇంటికి కొడుకయ్యాడు. బాలచంద్రుని వెంట నడిచిన సోదరులు పలు కులాలవారు. అభిమన్య ఘటోత్కచుల బంధానికి రక్తసంబంధం ఆధారం కాగా, ఈ సోదరత్వానికి పంచుకున్న అన్నం ఆధారం. అభిమన్యుడే బ్రహ్మనాయుని ఇంట పెరిగి ఉంటే వ్యూహంలోకి ఒంటరిగా వెళ్ళవలసి వచ్చేది కాదని ఊహించవచ్చు. అయితే అతడు బతికేవాడని చెప్పలేం. సోదరులున్న బాలచంద్రుడూ బతకలేదు.

ఈ పెంపకాన్ని ఆదర్శంగా మాత్రమే చూడడం కూడా అసమగ్రమే. బ్రాహ్మణ సోదరుడైన అనపోతురాజును కాపాడదలచి బాలచంద్రుడు ఒక నెపంతో వెనక్కు పంపుతాడు. అది తెలిసి అనపోతురాజు ప్రాణత్యాగం చేస్తాడు. తనను ఇంట ఉంచిన పెద్దల పనినే బాలచంద్రుడు మరొకరిపట్ల చేశాడు. భోజనంలో చెరిగిన కులభేదం మరణం దగ్గర తిరిగి తలెత్తింది. అనపోతురాజు నిరాకరించినది ఆ మినహాయింపునే. గాథలో చాపకూటి ధర్మాన్ని చివరిదాకా పట్టుకున్నవాడు, ఈ దృష్టితో చూస్తే, అతడే.

కనుక బాలచంద్రుని 'పల్నాటి అభిమన్యుడు' అనడం వల్ల రెండు నష్టాలున్నాయి. పెద్దలు పంపగా వెళ్ళినవానికీ, వద్దన్నా వెళ్ళినవానికీ గల భేదం చెరిగిపోతుంది. సోదరసమూహం ఏకవీరుని నీడలో మరుగున పడుతుంది. కారెంపూడిలో ఏటా జరిగే ఉత్సవం బాలచంద్రునొక్కనిది కాదు, వీరులందరిది. స్థానిక స్మృతి నిలుపుకొన్న ఈ బహువచనాన్ని తులనాత్మక విమర్శ కూడా నిలుపుకోవాలి.