‘చాలు’ అనే మాట: మూడు కథల్లో తృప్తి

కథానికమీద పరిశోధన చేస్తామని వచ్చే మన విద్యార్థులు తెచ్చే అంశాలను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఉద్యమం ఉన్న కథకు పరిశోధకుడు దొరుకుతాడు. సంఘర్షణ ఉన్న కథకూ దొరుకుతాడు. ఒక మనిషి పొద్దున్నే లేచి, తన పని తాను చేసుకుని, పదిమందికి పెట్టి, తానింత తిని పడుకున్న కథకు మాత్రం దొరకడు. “అందులో చర్చించడానికేముంది సార్?” అని అడుగుతారు. నిజాయితీగా అడిగే ప్రశ్నే అది. అయితే దాని వెనక ఇంకో అనుమానం దాగి ఉంటుంది. మదురైలోనో, హోసూరులోనో, బరంపురంలోనో మా అవ్వ బతికిన బతుకులోనూ, ఆమె మాట్లాడిన తెలుగులోనూ సాహిత్యానికి పనికివచ్చేది ఏమైనా ఉందా అన్నదే ఆ అనుమానం. అందుచేత ఈ ప్రశ్నను తేలిగ్గా దాటవేయడం నాకిష్టం లేదు.

భాషాశాస్త్రం నుంచి సాహిత్యంలోకి వచ్చినవాణ్ణి కనుక ముందు మాట దగ్గర ఆగుతాను. తృప్తి సంస్కృతపదం. సంతోషమూ అంతే. సంస్కృతంలో సంతోషమంటే ప్రధానంగా ఉన్నదానితో తృప్తిపడే గుణం. యోగశాస్త్రం చెప్పే నియమాల్లో అదొకటి. మనం ఆ మాటను తెచ్చుకుని ఆనందమనే అర్థంలో స్థిరపరుచుకున్నాం. మరి ఆ పాత అర్థానికి మన ఇంటిమాట ఏది? ‘చాలు’. దక్షిణాది తెలుగిళ్లలో చకారం సకారమై ‘సాలు’ అని కూడా వినిపిస్తుంది. ఇది ద్రావిడ ధాతువు. కన్నడంలో సాలు, అందులోంచే ఆ భాషలో రోజూ వినపడే ‘సాకు’ వచ్చింది. తమిళ గ్రంథభాషలో ‘సాల’ అంటే మిక్కిలి. మన ‘చాలా’ కూడా ఈ కుటుంబంలోదే. చాలు క్రియకు తుమర్థక రూపం ‘చాలన్’. అంటే ‘సరిపోయేటట్లుగా’ అని. కాబట్టి చాలామంది అన్నప్పుడు మనం మొదట చెప్పింది లెక్కకు మించినవారని కాదు, సరిపోయినంతమంది అని. ఇదే క్రియ కావ్యభాషలో సామర్థ్యాన్ని కూడా చెబుతుంది. చేయజాలడు అంటే చేయలేడు. సరిపోవడం, మిక్కిలిగా ఉండడం, చేతనవడం - ఈ మూడూ ఒక్క క్రియలో కాపురమున్నాయి. (నాగటి చాలు వేరే మాట. రూపం ఒకటే కదా అని దాన్నీ ఇందులో కలిపి కవిత్వం చెప్పేవారుంటారు. విద్యార్థులు ఆ పని చేయవద్దు.)

ఈ మాట నిజంగా బతికేది భోజనాల పంక్తిలో. వడ్డించేవాడు వంగి గరిటె చాపుతాడు, తినేవాడు ఆకుమీద చెయ్యి అడ్డంపెట్టి చాలు చాలు అంటాడు. ‘వద్దు’ అనడం వేరు. వద్దు అన్న మాట వచ్చినదాన్ని తోసేస్తుంది. చాలు అన్న మాట వచ్చినదాన్ని ఒప్పుకుని అక్కడికి ఆపుతుంది. ఇక్కడ గమనించవలసిన మర్యాద ఒకటుంది. చాలు అనే హక్కు తినేవాడిది. వడ్డించేవాడు ఎదుటివాడి ఆకు చూసి “నీకు చాలు” అంటే అది పిసినారితనం, ఇంకా చెప్పాలంటే అవమానం. సాదా బతుకును గురించి, ఉన్నదానితో తృప్తిపడడాన్ని గురించి రాసిన ఏ కథనైనా పరీక్షించడానికి నాకు తోచిన గీటురాయి ఇదే. ఇందులో ‘చాలు’ అంటున్నది ఎవరు? ఎవరి ఆకును చూసి?

సత్యం శంకరమంచి (1937-1987) రాసిన ‘తృప్తి’ కథను ఈ గీటురాయి మీద పెడదాం. ఆయన అమరావతి కథలు నూరు. 1975-77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. 1979లో ఆ సంపుటికి రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తరవాత శ్యామ్ బెనెగల్ వాటిలో కొన్నిటిని హిందీలో దూరదర్శన్ ధారావాహికగా తీశారు. ‘తృప్తి’లో కథ అంటూ ఉన్నది చాలా తక్కువ. ఊరివాళ్లు మామిడితోపుకు వనసంతర్పణకు వెళతారు. బావగాడనే ఆయన అన్నీ తన నెత్తిన వేసుకుంటాడు, వండిస్తాడు, కొసరి కొసరి వడ్డిస్తాడు. అంతే. అసూయ లేదు, దొంగతనం లేదు, వాన వచ్చి వంట పాడవడమైనా లేదు.

ముందుగా పేరు చూడండి. ఆయనకు పూర్ణయ్య అని అసలు పేరొకటి ఉంది, అది ఊరికి పట్టదు. బావ అన్నది చుట్టరికపు మాట, పరాచికాలాడే చనువున్న చుట్టరికం. గాడు అన్న ప్రత్యయం స్థాయిని కొంచెం తగ్గిస్తూ మనిషిని దగ్గరకు లాగుతుంది. పేరు పోగొట్టుకుని ఊరందరికీ బావ అయినవాడు ఇతడు. ఈ ఒక్క పిలుపుతో రచయిత సగం పాత్రచిత్రణ ముగించాడు. తమిళనాట పెరిగిన విద్యార్థులకు మచ్చాన్ అనే పిలుపులోని చనువు తెలుసు కనుక ఇది సులభంగానే అందుతుంది.

రెండోది, ఆ కథలో వంటకాల వరస. బావగాడు ఏమేం వండబోతున్నదీ ముందుగానే ప్రకటిస్తాడు. కూర, పచ్చడి, చారు, పాయసం, ఒక్కొక్కటీ దాని దినుసుతో, దాని పోకడతో సహా. విమర్శకులు దీన్ని నోరూరించే వర్ణన అని మెచ్చుకుని వదిలేస్తుంటారు. నాకు కనిపించేది మరొకటి. ఇక్కడ మాట్లాడుతున్నది తిండిపోతు కాదు, పనివాడు. ఏ కూరకు ఏ కారం, ఏ పచ్చడికి ఏ కాయ అన్నది అతనికి చేతనైన విద్య. పైన చెప్పిన క్రియ మూడో అర్థం ఇక్కడ పనిచేస్తున్నది. అతడు చాలినవాడు. ఆ చేతనవడంలోంచి పుట్టిన తృప్తే తప్ప, కోరికలు చంపుకున్నందువల్ల వచ్చిన తృప్తి కాదది. కోరికలు లేనివాడు అంత వరస చెప్పగలడా?

మూడోది పంక్తి. అందరి చేతా చాలు చాలు అనిపించేదాకా అతడు ఊరుకోడు. తన వంతు చివరికి వస్తుంది. అప్పటికి అతని ఆకులోకి ఏం చేరిందో కథలోనే చదువుకోండి. వేరొకరి గురించి చాలు అనని మనిషి తన గురించి మాత్రం అనగలిగాడు. కథకు పేరు అందుకే అమరింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట అనకుండా ఉండలేను. ఆ తోపులో ఏ పంక్తిలో ఎవరు కూర్చున్నారు, తోపు వెలుపల ఎవరున్నారు అని ‘తృప్తి’ అడగదు. అమరావతి కథలను వట్టి గతవైభవపు కలవరింత అనేవారికి ఈ కథ ఆధారంగా దొరుకుతుంది. వారి ఆక్షేపణ నిరాధారం కాదు, అసంపూర్ణం. ఎందుకంటే అదే సంపుటిలో మొట్టమొదటి కథ ‘వరద’. కృష్ణ పొంగి ఊరు మునిగినప్పుడు కులం తేడా మరిచి జనం ఒక్కచోట తింటారు. వరద తీస్తే పాత గీతలు మళ్లీ తేలతాయి. ఒక పంక్తి ఎంతసేపు నిలిచిందో ఆ రచయితకు తెలుసు. రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ‘తృప్తి’ బరువు తెలుస్తుంది. ఒక్కదాన్ని విడదీసి పాఠంగా చెప్పినప్పుడు అది తీపి ఎక్కువైన పాయసంలా ఉంటుంది.

ఇక ఈ మాట అనలేని ఇల్లు. దానికోసం మనం కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌కు వెళ్లాలి. కి. రాజనారాయణన్ అక్కడి నల్లరేగడి చేలలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తమిళంలో రాసిన రచయిత. బడిచదువు పెద్దగా లేకపోయినా పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం బోధించారు. తెలుగునాటి నుంచి వలసవచ్చిన కుటుంబాలను గురించిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. ఆయన తొలిరోజుల కథ ‘కదవు’ - తలుపు.

ఒక పేద ఇల్లు. లక్ష్మి, శ్రీనివాసన్ అనే పిల్లలకు ఇంటి తలుపే బస్సు. పక్కింటి పిల్లలనూ ఎక్కించుకుని ముందుకూ వెనక్కూ ఊపుతూ ఊళ్లు తిరిగివస్తారు. చూడండి, ఇది సంపూర్ణమైన తృప్తి. వాళ్లకు ఇంకే ఆటవస్తువూ అక్కర్లేదు. పన్ను బకాయి పడిందని ఊరి తలారి మనుషులతో వచ్చి ఆ తలుపును ఊడదీసుకుపోతాడు. తండ్రి పనికోసం దూరాన ఉన్నాడు, తల్లి చేనికి వెళ్లాలి. తలుపులేని ఇంట్లోకి కుక్క దూరి గంజి తాగిపోతుంది. చలిగాలి దూరుతుంది. చంటిబిడ్డ చనిపోతుంది. రచయిత ఎక్కడా గొంతు పెంచడు. తలారిని దుర్మార్గుడిగా కూడా చిత్రించడు. చివర పిల్లలకు ఆ తలుపు ఒకచోట పడి, చెదలు పడుతూ కనిపిస్తుంది. వాళ్లు దాన్ని వాటేసుకుంటారు.

సాదా జీవితాన్ని పొగిడే ప్రతివాడూ ఈ కథ చదివి తీరాలని నా అభిప్రాయం. ఆ పిల్లల తృప్తికి కావలసింది ఒక తలుపు. అంత తక్కువ. ఆ తక్కువ కూడా ఉండాలి మరి. తలుపు ఊడదీసినవాడు వచ్చి “పేదరికంలో ఎంత ప్రశాంతత ఉందో” అంటే, వడ్డించేవాడు మనల్ని చూసి నీకు చాలు అన్నట్టే. మన పత్రికల్లో ఆదివారాలు వచ్చే పల్లె జ్ఞాపకాల వ్యాసాలు చాలామట్టుకు ఈ పరీక్షలో తప్పుతాయి. వాటిలో మాట్లాడేవాడు పట్నంలో నీడపట్టున కూర్చున్నవాడు. చాలు అన్న మాట మాత్రం వెనక ఊళ్లో ఉండిపోయినవాళ్ల నోట పెడతాడు.

మూడో కథ కూడా ఇడైసేవల్‌దే. కు. అళగిరిసామి (1923-1970) ఆ ఊరివాడే. ఆయన ‘రాజా వందిరుక్కిరార్’ కథ తమిళ కథానికల్లో పేరుపడ్డది. పేరుకు తెలుగులో ‘రాజా వచ్చాడు’ అనుకోవచ్చు. పైన చెప్పిన మూడింటిలో నేను మొదటి స్థానమిచ్చేది దీనికే.

దీపావళి ముందురోజులు. బడిపిల్లలు మాకది ఉంది, మీకుందా అని పోటీలు పడుతుంటారు. రామసామి పెద్దింటి పిల్లవాడు, పట్టుచొక్కా ఉంది. మంగమ్మ, ఆమె తమ్ముళ్లు లేనింటి పిల్లలు. ఈ పోటీ సంభాషణలు నవ్వు పుట్టిస్తాయి. కథ ఎటు పోతున్నదో తెలియకుండా అవి మనల్ని వెంటబెట్టుకుపోతాయి. అంతలో ఎవరూ లేని ఒక పిల్లవాడు, ఒంటిమీద సరైన బట్టలేనివాడు, వీళ్ల గుమ్మం దగ్గరికి వస్తాడు. అతని పేరు రాజా. తల్లి తాయమ్మ పండగపూట అతనికి తలంటి పోస్తుంది. తన పిల్లలకు కొత్తబట్టలు, ఈ పిల్లవాడికేమిటి? భర్తకోసం ఉంచిన తుండు ఒకటుంది. ఆమె తటపటాయిస్తుంది. ఈ తటపటాయింపును అళగిరిసామి దాచలేదు. అక్కడే ఆయన గొప్పతనం ఉందని నా నమ్మకం. తాయమ్మ దేవత కాదు, లెక్క చూసుకునే ఇల్లాలు. ఉన్నది తక్కువ కనుక ఇచ్చేదాని ధర ఆమెకు తెలుసు. చివరకు తుండు పిల్లవాడి నడుముకు చేరుతుంది.

బావగాడితో పోల్చిచూస్తే తేడా తెలుస్తుంది. బావగాడు ఊరంతా సమకూర్చిన సరుకును ఊరంతటికీ వడ్డించాడు. అక్కడ నిండుగా ఉన్నది పంచుకోబడింది. తాయమ్మ ఇంట్లో ఒక తుండు తగ్గింది. ‘చాలు’లో మిక్కిలి అనే అర్థం ఒక కథలో, సరిపుచ్చడం అనే అర్థం మరో కథలో పనిచేస్తున్నాయి. చేతనవడం రెండిటిలోనూ ఉంది. ఆ తల్లికి నూనె ఎంత అంటాలో, ఒళ్లు పుండ్లున్న పిల్లవాడికి నీళ్లెలా పోయాలో తెలుసు.

కథ ముగింపులో పోటీ మళ్లీ మొదలవుతుంది. పెద్దింటికి రాజాగారు చుట్టంగా వచ్చారని రామసామి గొప్పలు చెబుతాడు. మంగమ్మ తడుముకోదు, రాజా వచ్చింది తన ఇంటికీ అని జవాబిస్తుంది. ఆమె చమత్కారం చేయడంలేదు. పిల్లవాడి పేరు నిజంగానే రాజా, ఆమె నిజమే చెబుతున్నది. పోటీలో ఓడలేదు కూడా.

ఈ చివరి మాటను తెలుగు చేయమని తరగతిలో ఇస్తుంటాను. చాలామంది ‘మా ఇంటికి కూడా’ అని రాస్తారు. తప్పు కాదు గానీ, ‘కూడా’ అన్న మాట అక్కడ కొంచెం పోల్చుకుంటుంది, కొంచెం సంజాయిషీ చెప్పుకుంటుంది. తమిళంలో -ఉమ్ అన్న చిన్న అనుబంధం చేసే పనిని తెలుగులో చివరి అచ్చు దీర్ఘం ఒక్కటే చేస్తుంది: ‘మా ఇంటికీ’. కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని మాత్రం మొదటిసారే దీర్ఘమిచ్చి రాసింది. ఎలా తోచిందని అడిగితే, తమ ఇంట్లో అలాగే అంటారని చెప్పింది.