మంగలికత్తి పిడిని సరిచేసే పనితనం
షెఫీల్డ్‌లో 19వ శతాబ్దంలో తయారైన మంగలికత్తుల్లో, పిడిగా అమరే రెండు కొమ్ము రేకుల నడుమకు మూసుకోవలసిన అలుగు ఒక పక్కకు ఒరిగి రేకును తాకితే, పదునూ రేకూ రెండూ దెబ్బతింటాయి. ఈ దోషం ఇరుసుగా పనిచేసే సన్నని రివెట్టు వదులు కావడం వల్లనో, కొమ్ము కాలక్రమంలో మెలిదిరగడం వల్లనో, రేకులను చివర ఎడంగా నిలిపే సీసపు ముక్క మందం అసమంగా ఉండటం వల్లనో రావచ్చు కనుక, సుత్తి పట్టే ముందు నిపుణుడు చేసే ఓపికైన పరిశీలనే ఈ పనిలో అన్నిటికన్నా మెచ్చదగినది. రివెట్టు వదులైతే, దానిని చిన్న దాగలిపై ఆనించి, గుండ్రని మొనగల సుత్తితో అతి తేలికగా తడుతూ, మాటిమాటికీ కత్తిని మూసి చూస్తాడు. దెబ్బ బలమైతే పాత కొమ్ము పగులుతుంది. కొమ్ము మెలిదిరిగినప్పుడు మాత్రం, వేడికి మెత్తబడే దాని స్వభావాన్ని ఆసరా చేసుకుని, వేడినీటిలో ఉంచి, ఎదురు దిక్కుకు వంచి, చల్లారేదాకా బిగించి ఉంచుతాడు.