చెంచితకు వేషం చాలదు

ఏటా కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ ఎక్కి ఊళ్ల మీదికి బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, తన పెళ్లికి తానే పిలుపులు చెప్పుకొని వెనక్కి వస్తాడు. ఆ పారువేటలో చెంచులు విల్లు ఎక్కుపెట్టి స్వామి పల్లకీ మీదికి బాణం వేసే ఆచారం ఉంది. దేవుడి మీద బాణమేమిటని అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. ఓబులేసుడు చెంచుల ఇంటి అల్లుడు. పిల్లనిచ్చినవాళ్లకు ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఈ బాణాన్ని వీడియో గేమ్‌లో పెట్టాలంటే ఎట్లా పెడతారు? గేమ్‌లో విల్లు చేతికి వచ్చిందంటే ఎదురుగా శత్రువు ఉండాలి. బాణం తగిలితే వాడు పడిపోవాలి, స్కోరు పెరగాలి. ఎవరినీ పడగొట్టకుండా, చుట్టరికం ఒక్కటి గుర్తుచేసి ఊరుకునే బాణానికి ఆ లెక్కలో చోటు లేదు. మన కథల్ని గేముల్లోకి తీసుకుపోతామని వచ్చేవాళ్లను ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే అనుకుంటాను.

వాళ్లు వస్తున్నారు, ఇంకా వస్తారు. రాముడు, హనుమంతుడు, దుర్గ ఇప్పటికే తెరకెక్కారు. కొత్త పాత్రలు కావాలి. అందుకని ‘పెద్దగా తెలియని జానపదం’ కోసం అడవి వైపు చూస్తున్నారు. పెద్ద కంపెనీలే రానక్కర్లేదు. నంద్యాల కాలేజీలో కంప్యూటర్ చదివే పిల్లలు కూడా ఇవాళ గదిలో కూర్చొని బ్లెండర్‌లో బొమ్మ చేసి, యూనిటీలో దాన్ని నడిపించగలరు. వాళ్లకు కూతవేటు దూరంలో ఉన్న కథ చెంచులక్ష్మిది. అయితే ‘పెద్దగా తెలియనిది’ అని ఎవరు ఎవరితో అంటున్నారు? నల్లమల పెంటల్లో అది తెలిసిన కథే. తెలియనిది బయటివాళ్లకు. ఆ మాటతోనే కథను సొంతదారు లేని సొత్తుగా మార్చేస్తారు.

నేను చెంచును కాను. ఇంకో ఆదివాసీ జాతివాణ్ణి. చెంచుల తరఫున తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. కానీ మా దేవతల్ని కూడా రేపు ఇట్లాగే అడుగుతారు గనక, చెంచిత విషయంలో ఇప్పటిదాకా జరిగింది మనందరికీ పాఠం.

ఆళ్లగడ్డ శిల్పుల పని దగ్గర మొదలుపెడదాం. నరసింహుణ్ణి చెక్కాలంటే శిల్పికి తాళమానం ఉంది, ధ్యానశ్లోకం ఉంది. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏమిటి, మొహానికీ ఒంటికీ పొడవుల లెక్క ఎంత, అన్నీ ముందే తేలి ఉంటాయి. లెక్క తప్పితే విగ్రహం పూజకు పనికిరాదంటారు. అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని అహోబిలంలో స్తంభాల మీద చెంచితా ఉంది. రాతిలో ఆమెకు చోటిచ్చారు. రాయి దాటి కాగితం మీదికి, తెర మీదికి వచ్చేసరికి మాత్రం ఆమెకు ఏ లెక్కా లేకుండా పోయింది. ఆకుల లంగా, తలమీద ఈక, మెడనిండా పూసలు, ఎవరికి తోచింది వాళ్లు తొడిగారు. దేవుడి చేతివేళ్లకు కూడా కొలత ఉన్న సంప్రదాయంలో అడవిపిల్ల ఒంటికి మాత్రం కొలత లేదు, అడగడానికి మనిషీ లేడు.

పేరు కూడా నిలవలేదు. అహోబిల మఠం జీయరు ఒకరు సంస్కృతంలో రాసిన ‘వాసంతికా పరిణయం’ నాటకంలో ఆమె వాసంతిక అయింది. 1943లో కమలా కొట్నీస్ నాయికగా ‘చెంచులక్ష్మి’ సినిమా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది చెంచుల మధ్య తిరిగి చూసి హైమెన్‌డార్ఫ్ రాసిన ఇంగ్లిషు పుస్తకం అచ్చయింది. ఆ పుస్తకానికి లోపాలు ఉన్నాయి, చెంచుల్ని దక్కనీ అడవి మనుషులని చెప్పే పేరే ఒక లోపం. అయినా అందులో పేర్లున్న మనుషులు, వాళ్ల తిండి, తగువులు, దేవతలు కనిపిస్తారు. తెలుగువాళ్లకు గుర్తుండిపోయింది మాత్రం సినిమా వేషమే. 1958లో అంజలీదేవి, అక్కినేని నటించిన రెండో ‘చెంచులక్ష్మి’తో ఆ వేషం బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీల దాకా పాకింది.

ఆ 1958 సినిమాను నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. అందులో అందరికీ తెలిసిన పాట ఒకటి ఉంది. పెళ్లాడతానని వచ్చిన దేవుణ్ణి చెంచుపిల్ల నిలబెట్టి, అడవి పనులు నీకు వచ్చునా అని వరసగా అడుగుతుంది. వేషం ఎంత తప్పైనా, ఆ పాటలో కథ ప్రాణం దొరికింది. అడవిలోకి వచ్చిన మగవాడు ఎంతటివాడైనా అడవి పని నేర్చుకోవాలి. పరీక్ష పెట్టేది ఆమె, రాసేది అతను. దేవుడు అనుగ్రహిస్తే అడవిపిల్ల తరించిందనే కథ వేరు. అడవి ఒప్పుకుంటే దేవుడు అల్లుడయ్యాడనే కథ వేరు. పల్లకీ మీదికి వచ్చే బాణం రెండో కథది.

గేమ్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. సినిమాలో పాత్రను చూస్తాం. గేమ్‌లో ఆ పాత్ర చేతులు మన చేతులవుతాయి. ఆమె నడిస్తే మనం నడిచినట్టు, ఆమె దూకితే మనం దూకినట్టు. కాబట్టి అక్కడ పాత్రను నిలబెట్టేది ఆమె కట్టు కాదు, ఆమె చేయగలిగిన పనులు, చేయకూడని పనులు. ఇన్నాళ్లూ చెంచితకు విశేషణాలు దొరికాయి: అమాయకురాలు, అందగత్తె, అడవిపిల్ల. గేమ్‌లో ఆమెకు క్రియలు కావాలి. క్రియలు ఇవ్వకుండా ఆకుల లంగా మాత్రం ఇస్తే, గేమ్ ఆడేవాళ్లు డబ్బిచ్చి కొనుక్కునే ‘స్కిన్’ అవుతుంది తప్ప పాత్ర కాదు. ఆ ఇంగ్లిషు మాటకు అర్థం చర్మం. చర్మం ఒలుచుకుపోవడం మనకు కొత్తా?

మన దగ్గర తయారైన గేముల్లో ఏం జరిగిందో చూద్దాం. 2009లో హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. దేవుణ్ణి ఆటగాడి చేతిలో మీటలతో ఆడించడం అపచారమని అమెరికాలోని కొందరు హిందూ నాయకులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంతో నేను ఏకీభవించినా, లేకపోయినా, ఒకటి మాత్రం నిజం: హనుమంతుడి తరఫున అడిగేవాళ్లు ఖండాంతరాల్లో కూడా ఉన్నారు. గారెలమైసమ్మ బొమ్మను ఎవరైనా ఎట్లా గీసినా అడిగేవాళ్లు ఎవరు? నల్లమల నుంచి ఆ గొంతు ఏ కంపెనీ ఆఫీసు దాకా పోతుంది?

2020లో పుణే నుంచి నోడింగ్ హెడ్స్ వాళ్ల ‘రాజీ’ వచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే సర్కస్ పిల్ల కథ. దేవుణ్ణి కాకుండా మామూలు పిల్లను నాయికగా నిలబెట్టడం మంచి అడుగు. గారడీ పిల్ల ఒంటి ఒడుపు ఆమె నడకలో, దూకుడులో కనిపిస్తుంది కూడా. అంతవరకు అది క్రియ. కానీ ఆయుధాలు దేవతలు ఇచ్చినవి, కథ చెప్పేది దుర్గ, విష్ణువు. పిల్ల బతుకు నుంచి మొదలైన గేమ్ త్వరగానే పురాణంలోకి ఎక్కిపోయింది. ఆమె సర్కస్ మనుషులు ఎవరు, ఎట్లా బతికారు అన్నది వెనకబడింది.

వీటి పక్కన 2014లో వచ్చిన ‘నెవర్ అలోన్’ను పెట్టి చూడాలి. అలాస్కాలో ఇనూపియాట్ అనే మంచుదేశపు ఆదివాసీలున్నారు. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్, గేములు చేసే ఈ-లైన్ మీడియా కలిసి దాన్ని తయారుచేశాయి. ఆగని మంచుతుఫాను ఎక్కడ పుడుతున్నదో వెతుక్కుంటూ పోయే పిల్ల కథ. దాన్ని పూర్వం చెప్పిన కథకుడు రాబర్ట్ నాసరుక్ క్లీవ్‌లాండ్. గేమ్ చేసేవాళ్లు ఆయన కూతురి దగ్గరికి వెళ్లి అనుమతి అడిగారు. కథ చెప్పే గొంతు ఇనూపియాట్ భాషలోనే వినిపిస్తుంది. పిల్ల, తోడు నక్క, ఇద్దరూ ఒకరికొకరు సాయం చేస్తేనే ముందుకు పోతారు. ఒక్కరే గెలవడం కుదరదు. ఆ జాతి నమ్మకం గేమ్ నియమంగా మారిందంటే ఇదీ. గేమ్‌లో ముందుకు పోతున్నకొద్దీ ఆ మనుషులే తమ బతుకు గురించి మాట్లాడే చిన్న చిన్న వీడియోలు తెరుచుకుంటాయి.

చెంచుల దగ్గర ఇట్లాంటి నియమాలకు కొదవ లేదు. తేనె సంగతే తీసుకోండి. కొండచరియకు పట్టిన తేనెపట్టు కోసం చెంచు తీగతాడు మీద లోయలోకి దిగుతాడు. పైన తాడుకు కాపలా ఎవరుండాలి? భార్య తోడబుట్టినవాడు. చెల్లెలి కాపురం ఆ తాడుకే వేలాడుతుంది గనక, చెయ్యి వదలడని నమ్మకం. ఇద్దరు ఆడే గేమ్‌కు ఇంతకంటే బిగువైన ఘట్టం ఏ రచయిత రాయగలడు? ఒకరు కింద పొగలో, ఈగల మధ్య. ఇంకొకరు పైన తాడు మీద చెయ్యి వేసి, కింద ఏం జరుగుతున్నదో కనిపించకుండా. ఇక ఓబులేసుడు ఈ ఇంటి అల్లుడైతే, లోయలోకి దిగేది నరసింహుడు, పైన తాడుకు కాపలా చెంచిత అన్న. కంబాన్ని చీల్చుకొచ్చిన గోళ్లు అక్కడ పనికిరావు. బావమరిది చెయ్యే దిక్కు. చుట్టరికం అంటే ఏమిటో ఆటగాడి వేళ్లకు తెలుస్తుంది.

రెండోది వాటా. వేట దొరికితే అందులో ముందు ముక్క గారెలమైసమ్మకు పెట్టడం చెంచుల ఆచారం. అడవి ఇచ్చినదానిలో అడవితల్లికి పోగా మిగిలిందే మనుషులది. దీన్ని గేమ్‌లో పెడితే ‘ఎన్ని కొడితే అన్ని పాయింట్లు’ అన్న లెక్క తలకిందులవుతుంది. అవసరానికి మించి తీసుకున్నవాడికి అడవి మూసుకుపోవాలి. ఇది సరదా కోసం చెప్పడం లేదు. నల్లమల ఇవాళ పులుల అభయారణ్యం, వేట చట్టరీత్యా నేరం. పులుల జాడ తీయడంలో, కాపలా కాయడంలో అటవీశాఖకు చెంచులే కళ్లూ కాళ్లూ. అట్లాంటి జాతి పేరు పెట్టి జింకల్ని కూల్చే గేమ్ చేస్తే, దాని నష్టం తెర మీద ఆగదు. చెంచు అంటే వేటగాడు, దొంగచాటున జంతువుల్ని కొట్టేవాడు అన్న అనుమానం చెక్‌పోస్టు దగ్గర నిజమైన మనిషి మీద పడుతుంది.

మూడోది మొదట చెప్పిన బాణం. చంపని బాణం.

గేమ్ అన్నాక ఆడేవాడికి ఉత్సాహం ఉండాలి గదా, ఇన్ని నియమాలు పెడితే పాఠ్యపుస్తకం అవుతుంది గదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ తేనెతాడు ఘట్టంలో ఉత్సాహానికి లోటేముంది? నియమమే ఆటకు ప్రాణం. గోళీలాటలో గీత లేకపోతే ఆట ఏముంది? రెండో అభ్యంతరం మనవైపు నుంచి రావచ్చు: ఇట్లా చేస్తే చెంచుల్ని మళ్లీ విల్లు, తేనె దగ్గరే కట్టేసినట్టు కాదా? అవుతుంది, జాగ్రత్త పడకపోతే. అందుకే గేమ్‌లో ఈనాటి పెంట కూడా ఉండాలి. రేషన్ కార్డు, ఉపాధి హామీ మస్టరు, హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్ల, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే కుర్రాడు, వీళ్లందరూ చెంచిత చుట్టాలే.

చివరగా హక్కు మాట. నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరుతో వేరేచోటి సరుకు అమ్మితే అడిగే దారి ఉంది. అదే జిల్లాలో పుట్టిన చెంచిత కథను ఎవరు ఎట్లా అమ్మినా చెంచుల్ని అడగనక్కర్లేదు. రాయికి, పండుకు దొరికిన కాపలా కథకు దొరకలేదు.

చట్టం వచ్చేదాకా ఆగకుండా గేమ్ చేసేవాళ్లు తమంతట తాము పాటించగలిగినవి నాలుగున్నాయి. పెంటకు వెళ్లి అడగాలి. అడగడమంటే ‘వద్దు’ అన్న జవాబుకు కూడా సిద్ధపడి అడగడం. కొన్ని కథలు, కొన్ని దేవతలు బయటికి రాకూడదని పెద్దలంటే అక్కడితో ఆగాలి. కథ ఎవరు చెప్పారో వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, పెంట పేరు కంపెనీ గుర్తు కంటే ముందు తెర మీద కనిపించాలి. మాటలు చెంచుల గొంతుతో, వాళ్ల యాసతో ఉండాలి. పట్నం నటులతో వెక్కిరింపు యాస పలికించకూడదు. వచ్చిన డబ్బులో వాటా పెంటకు పోవాలి, గారెలమైసమ్మ ముక్కలాగా ముందే తీసి పెట్టాలి.

ఇవేవీ చేయలేమంటే కల్పించుకున్న అడవి, కల్పించుకున్న పిల్లతో గేమ్ చేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. చెంచిత పేరు వాడుకుంటే మాత్రం ఆమె పెట్టే పరీక్షకు ముందు నిలబడాలి. ఓబులేసుడే నిలబడ్డాడు.